తండ్రి ఓడితే కొడుకులకు వనవాసం

జోధ్‌పూర్‌లోని మండోర్ తోటలో కొండముచ్చులకు రొట్టెలు, సెనగలు పెట్టేవాళ్లకు కొదవ ఉండదు. హనుమంతుడి అంశ అని జనానికి నమ్మకం. తిండి కోసం చేరిన మందను కాసేపు నిదానంగా గమనిస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆడవి చాలా ఉంటాయి, పిల్లలు ఉంటాయి, ఎదిగిన మగది మాత్రం ఒక్కటే. పుట్టుకలో ఆడామగా ఇంచుమించు సమానమే. మరి మిగతా మగవన్నీ ఎటు పోయాయి?

ఎక్కడికో పోలేదు. ఆ చుట్టుపక్కల గుట్టల మీదే ఉంటాయి, మందకు మాత్రం బయట. 1967 నుంచి ఎస్.ఎం. మోహ్నోత్, ఆ తర్వాత ఎల్.ఎస్. రాజ్‌పురోహిత్, ఫోల్కర్ సొమ్మర్ వంటి శాస్త్రవేత్తలు జోధ్‌పూర్ కొండముచ్చులను ఏళ్ల తరబడి వెంబడించి రాసుకున్న వివరాల్లో ఆ బయటి బతుకు కూడా ఉంది. అక్కడ ఆడవి పుట్టిన మందలోనే తల్లులు, అమ్మమ్మల నడుమ ముసలివవుతాయి. మగపిల్లలు మాత్రం వెళ్లిపోవాల్సిందే.

ఎప్పుడు వెళ్లాలన్నది సాధారణంగా వాటి చేతిలో ఉండదు. మందపెద్ద పెత్తనం సగటున రెండేళ్ల పైచిలుకు సాగుతుంది. కొన్నింటిది రోజుల్లోనే ముగిసిపోతుంది, అరుదుగా కొన్నింటిది ఆరేళ్ల దాకా నడుస్తుంది. మగపిల్ల పూర్తిగా ఎదగడానికేమో ఆరేడేళ్లు పడుతుంది. అంటే కొడుకు చేతికందే వయసుకు తండ్రి సాధారణంగా పదవిలో ఉండదు. బయటి మగవి దాడి చేసి తండ్రిని తరిమేసిన రోజున, పాలు మరిచి ఎంతో కాలం కాని మగపిల్లలు కూడా కొత్త పెద్దకు పోటీగానే కనిపిస్తాయి. వెంటబడి, కరిచి, వాటిని అంచులకు నెడుతుంది. కొన్ని ఓడిపోయిన తండ్రి వెనకే నడుస్తాయి. మరికొన్ని తల్లిని వదల్లేక మంద చుట్టూ తచ్చాడుతుంటాయి. కొత్త పెద్ద మేతలో పడి తల తిప్పినప్పుడు నెమ్మదిగా దగ్గరికి జరుగుతాయి. అది పళ్లు పటపట నూరిందంటే మళ్లీ కొమ్మల్లోకి లంఘిస్తాయి.

ఇక చంటిపిల్లల గతి మరీ ఘోరం. 1962లో కర్ణాటకలోని ధార్వాడ్ అడవుల్లో జపాన్ శాస్త్రవేత్త యుకిమారు సుగియామా ఒక మందను బయటి మగవి ఆక్రమించడం చూశారు. వాటిలో ఒకటి పెద్దగా మిగిలి, తోటివాటిని కూడా వెళ్లగొట్టింది. ఆ తర్వాత పాలుతాగే పిల్లలు కాట్లకు గురై చనిపోయాయి. 1970లలో మౌంట్ ఆబూలో పరిశోధించిన సారా హర్డీ దీనికి ఒక కారణం చెప్పారు. పాలిస్తున్న తల్లి త్వరగా ఎదకు రాదు. పిల్ల పోతే వస్తుంది. తన పెత్తనం ఎన్నాళ్లుంటుందో తెలియని మగదానికి ఆగే తీరిక లేదు. మందలు కిక్కిరిసిపోవడం వల్ల పుట్టిన పిచ్చి ఇదని కొందరు గట్టిగా వాదించారు. 1999లో నేపాల్‌లోని రామ్‌నగర్ కొండముచ్చుల డీఎన్ఏ పరీక్షించినప్పుడు, పిల్లల మీద దాడి చేసిన మగవి వాటి తండ్రులు కావని తేలింది. హర్డీ వాదనకు అది పెద్ద బలం.

మగపిల్లలు వెళ్లిపోవడం వల్ల మందకు మేలూ ఉంది. అక్కడే ఎదిగితే తోబుట్టువులతోనే జత కట్టాల్సి వస్తుంది. ఆడపిల్ల తల్లయ్యే వయసు మూడేళ్లు దాటాకే కాబట్టి, అప్పటికి తండ్రి కూడా మారిపోయి ఉండడమే ఎక్కువ; అలా తండ్రితో జత కట్టే ముప్పూ తప్పుతుంది.

తరిమివేతకు గురైనవి ఒంటరిగా మిగలడం తక్కువ. మగవాటి గుంపుల్లో చేరతాయి. రెండు మూడు మొదలుకొని కొన్ని డజన్ల దాకా ఉంటాయి ఈ గుంపుల్లో. పెత్తనం పోయిన ముసలివి, కోరలు ఇంకా మొలవని కుర్రవి, దాడికి సిద్ధంగా ఉన్న నడివయసువి అన్నీ కలిసే తిరుగుతాయి. ఒకదాని వీపు ఒకటి గీరుకుంటాయి, కుస్తీలు పడతాయి. మంచి మేత, నీళ్లు ఉన్న చోట్లు మందల అధీనంలో ఉంటాయి కాబట్టి ఇవి చాలా దూరం తిరగాలి, ఎక్కడికక్కడ తన్నులు తినాలి. వీటిలో చాలావాటికి మంద ఎన్నటికీ దక్కదు. దక్కిన దానికీ రెండేళ్ల ముచ్చటే. మగ కొండముచ్చు జీవితంలో ఎక్కువ భాగం గడిచేది ఈ గుంపుల్లోనే. దాని బతుకు తెలియాలంటే మందపెద్దను కాదు, వీటినే చూడాలి.

అన్నిచోట్లా ఇంత కఠినంగా ఉండదు. రామ్‌నగర్ అడవుల్లో ఒకే మందలో అనేక మగవి కలిసి బతుకుతాయి. అక్కడ కుర్రవాటికి ఇంత తొందరగా తరిమివేత ఉండదు.

తెలుగునాట నల్లమల, శేషాచలం అడవుల్లో కొండముచ్చులు ఉన్నాయి.  కోతుల బెడద తగ్గుతుందని తెలంగాణ పల్లెల్లో కొండముచ్చును తెచ్చి తాడుతో కట్టేసి తిప్పడం తెలిసిందే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా దాన్ని పట్టుకోవడం నేరం. మందలో పుట్టి, మగ గుంపులో వీపు గీరించుకుంటూ ఎదిగే ఈ జంతువుకు ఒంటరితనం అలవాటైనది కాదు. మెడకు తాడు కట్టి ఊరి మధ్య నిలబెడితే దానికి మందా ఉండదు, గుంపూ ఉండదు.