గేమ్‌కు చోటు చాలలేదని నిఖా వీడియో తీసేయొద్దు

ల్యాప్‌టాప్ కొన్న ఏడాదికే సీ డ్రైవ్ గీత ఎర్రగా మారిందంటే, ఆ ఇంట్లో గేములాడే పిల్లాడు ఉన్నాడనుకోవచ్చు. తిరుపతి హాస్టల్లో ఉండి బీటెక్ చదివే అబ్బాయి సెలవులకు చిత్తూరుకో మదనపల్లెకో వస్తాడు, కొత్త గేమ్ దించుకోబోతే చోటు లేదని వస్తుంది. అప్పుడు కంటికి కనిపించే పెద్ద ఫైళ్లు ఏవి? బాజీ నిఖా వీడియో, ఈద్ ఫొటోలు, అబ్బా స్కాన్ చేయించి పెట్టుకున్న కాగితాలు. చేయి ముందు వాటి మీదికే పోతుంది.

అక్కడే జాగ్రత్త కావాలి. పాత హార్డ్ డిస్కులో డిలీట్ చేసిన ఫైల్‌ను షాపువాళ్లు చాలాసార్లు వెనక్కి తెచ్చేవాళ్లు, ఎందుకంటే పైన వేరేది రాసేదాకా లోపల డేటా అలాగే ఉండేది. ఎస్ఎస్‌డీలో అలా కుదరదు. ఫైల్ తీసేసిన వెంటనే విండోస్ ‘ట్రిమ్’ అనే ఆదేశం పంపుతుంది, ఆ చోటును డ్రైవ్ తనంతట తానే తుడిచేసుకుంటుంది. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశారంటే ఇక ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

అసలు చోటు ఎంతుందో చూద్దాం. 512 జీబీ అని అమ్మిన డ్రైవ్ విండోస్‌లో సుమారు 476 జీబీగానే కనిపిస్తుంది. షాపువాడు మోసం చేశాడని గొడవ పడకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతే తేడా. అందులో విండోస్, కాలేజీ సాఫ్ట్‌వేర్లు కలిసి వంద తీసుకున్నాయనుకుందాం. బాల్డర్స్ గేట్ 3, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కోటీ 150 జీబీ అడుగుతాయి. ఆ రెండింటితోనే 76 మిగిలింది, ఇంట్లోవాళ్ల సామాను ఇంకా పెట్టనే లేదు.

గేములు ఇంత లావెందుకు? పెద్ద తెరకు సరిపోయే బొమ్మలు, నాలుగైదు భాషల మాటలు ఒక కారణం. ఇంకోటి విచిత్రమైనది. హార్డ్ డిస్కు సూది అటూ ఇటూ వెతుక్కోకుండా ఉండాలని కొన్ని గేముల్లో ఒకే ఫైల్‌ను పదేపదే నకలు తీసి పెడతారు. హెల్‌డైవర్స్ 2 ఇలాగే కంప్యూటర్లో 150 జీబీ దాటింది. 2025 డిసెంబర్లో తయారీదార్లు నకళ్లు తీసేసి చూస్తే అది సుమారు 23 జీబీకి దిగింది, లోడ్ అయ్యే సమయంలో పెద్ద తేడా రాలేదు. అంటే అన్నాళ్లూ జనం డ్రైవుల్లో వంద జీబీకి పైగా ఊరికే కూర్చుందన్నమాట! అందుకే ఆడుతున్న గేమ్‌కు అప్‌డేట్ వస్తే తప్పించుకోకండి, కొన్నిసార్లు సైజు తగ్గుతుంది కూడా.

డ్రైవ్ అంచుదాకా నింపితే ఇంకో నష్టముంది. ఎస్ఎస్‌డీ చిన్న పేజీల్లో రాస్తుంది గానీ, తుడవాలంటే పెద్ద బ్లాకు మొత్తం తుడవాలి. ఖాళీ లేకపోతే ఉన్న డేటాను పక్కకు సర్ది, తుడిచి, మళ్లీ రాయాలి. ఇల్లంతా సామానుంటే చాప పరచడానికి మంచం జరిపినట్టు. రాయడం నెమ్మదిస్తుంది, అరుగుదలా ఎక్కువవుతుంది. పది నుంచి ఇరవై శాతం ఖాళీగా వదలండి. పాత అలవాటుతో వేరే సాఫ్ట్‌వేర్ పెట్టి డీఫ్రాగ్ మాత్రం చేయకండి. ఎస్ఎస్‌డీకి దానితో పని లేదు.

ఇక తీసేయాల్సిందేంటి? సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే ఏది ఎంత తింటోందో తెలుస్తుంది. టెంపరరీ ఫైల్స్, పాత విండోస్ ఇన్‌స్టలేషన్ అక్కడే తీసేయొచ్చు. కానీ అదే జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది, దానికి టిక్ పెట్టేముందు లోపల హాల్‌టికెట్టో మార్కుల మెమోనో ఉందేమో చూసుకోండి. తర్వాత నెలల తరబడి ఆడని గేములు. కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి వాటిలో ఆడని భాగాన్ని మాత్రమే తీసేసే వీలుంది.

మళ్లీ దించుకోవడం భారమనుకుంటే గేమ్‌ను తీసేయక్కర్లేదు, బయటి హార్డ్ డిస్కులోకి మార్చుకోవచ్చు. స్టీమ్‌లో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌కు వెళ్తే మూవ్ అనే బటన్ ఉంటుంది. ఫోల్డర్‌ను చేత్తో కట్ చేసి పేస్ట్ చేస్తే స్టీమ్‌కు దారి తెలియదు. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ డేటాతో 150 జీబీ దించాలంటే 75 రోజులు పడుతుంది మరి. హాస్టల్లో పక్క గదివాడి దగ్గర అదే గేమ్ ఉంటే ఇంకా సులువు: 2023 నుంచి స్టీమ్ ఒకే వైఫైలో ఉన్న స్నేహితుల కంప్యూటర్ల మధ్య గేమ్ ఫైళ్లను పంపిస్తోంది. ఇద్దరూ సెట్టింగ్స్‌లో ఒప్పుకుంటే చాలు, అయితే గేమ్ ఇద్దరి ఖాతాల్లోనూ ఉండాలి.

గేమ్ తీసేసేముందు ఎక్కడిదాకా ఆడామో ఆ సేవ్ ఫైల్ క్లౌడ్‌లో ఉందో లేదో చూసుకోండి. అన్ని గేములకూ ఆ సౌకర్యం ఉండదు. నిఖా వీడియోలు, ఫొటోలు మాత్రం రెండు చోట్ల ఉండాలి, బయటి డిస్కులో ఒకటి, ఇంకో చోట ఒకటి. ఒక్క చోటికి మార్చి ల్యాప్‌టాప్‌లోంచి తీసేస్తే అది కాపీ కాదు.

కొత్త ఎస్ఎస్‌డీ వేయించాలంటే షాపుకు వెళ్లేముందు మోడల్ నంబర్‌తో వెతికి, రెండో స్లాట్ ఉందో లేదో, అది ఎన్‌వీఎంఈయా సాటానా తెలుసుకోండి. రెండు రకాల ఎం.2 ముక్కలూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి పనిచేయకపోవచ్చు. వారంటీ ఇంకా ఉంటే, మూత విప్పితే పోతుందేమో కూడా ముందే అడగండి.