బటను నొక్కినా పలకని కంప్యూటరు

మన ఊళ్ళలో పెరిగినవారికి ఏ యంత్రం ఆగినా మొట్టమొదట నోటికి వచ్చే మాట "కరెంటుందా?" అని. గుమ్మంలోకి వెళ్ళి పక్కింటి దీపం వెలుగుతున్నదో లేదో చూసుకొని గాని రెండో ఆలోచన చేసేవాళ్ళం కాదు. ఒంటారియోకు వచ్చి నాలుగైదేళ్ళు గడిచేసరికి ఆ అలవాటు కాస్తా పోతుంది. ఇక్కడ కరెంటును "హైడ్రో" అంటారు; అది పోవడమంటే పత్రికలో పడవలసిన వార్త. 2003 ఆగస్టు 14 సాయంత్రం పోయినప్పుడు ఒక్క ఒంటారియోలోనే కోటిమంది దాకా, అమెరికా వైపు కూడా కలుపుకుంటే అయిదు కోట్లకు పైగా జనం కరెంటు లేకుండా గడిపారు. ఆనాటి సంగతులు పాతకాపులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుచేత కొత్తగా కొన్న డెస్క్‌టాప్ కంప్యూటరు బటను నొక్కినా పలక్కపోతే, గోడలో కరెంటుందా అని చూడడం మనకు తట్టదు. "పాడు సరుకు అంటగట్టాడు" అనే మాటే ముందు వస్తుంది.

ఈమధ్య ఒక చలికాలంలో ఓక్‌విల్‌లో మా యింట్లోనూ, మాకు తెలిసిన మరి రెండిళ్ళలోనూ సరిగ్గా ఇదే జరిగింది. మూడింటిలో నిజంగా చెడిపోయిన సామాను వున్నది ఒక్కదానిలోనే. ఆ మూడు కథలూ కలిపి చెబితే ఇంకెవరికైనా ఒక రాత్రి నిద్ర దక్కుతుందేమోనని రాస్తున్నాము.

మొదటి యింటివారి కంప్యూటరు పడకగదిలో పెట్టారు. పగలు పనిచేసేది, రాత్రి చచ్చేది. పిల్లవాడి హోంవర్కు దానిలోనే. రెండు రోజులు తలలు పట్టుకొన్న తరువాత తేలినదేమంటే, ఆ గదిలో పైకప్పు దీపం లేదు. గుమ్మం పక్కనున్న గోడ స్విచ్చికి దీపం బదులు ఒక ప్లగ్గును కలిపారు, టేబులు లైటు పెట్టుకోవడానికి వీలుగా. పడుకొనేముందు పెద్దావిడ అలవాటుగా ఆ స్విచ్చి ఆపేసేవారు. మన దేశంలో ప్రతి ప్లగ్గుకూ పక్కనే దాని స్విచ్చి వుంటుంది గనక చూస్తూనే తెలుస్తుంది. ఇక్కడ ప్లగ్గు ముఖం చూస్తే ఏమీ తెలియదు. ఒక్కొక్కచోట పై ప్లగ్గు ఎప్పుడూ పనిచేస్తుంది, కిందది మాత్రం గోడ స్విచ్చి మాట వింటుంది! బేస్‌మెంటులోనూ గరాజిలోనూ అయితే నడుమ రెండు చిన్న బటన్లున్న రక్షక ప్లగ్గులుంటాయి. అలాంటిది ఒకటి తెగిపడితే దాని తరువాత వరసలో వున్న మామూలు ప్లగ్గులు కూడా పోతాయి. కనుక ముందుగా చెయ్యవలసినది కంప్యూటరును చూడడం కాదు. వెలుగుతున్న టేబులు లైటును తెచ్చి అదే ప్లగ్గులో పెట్టి చూడడం. వైరు పొడిగించే స్ట్రిప్పు వాడుతుంటే దాన్ని తీసేసి, గోడకే నేరుగా పెట్టండి.

తరువాత పెట్టె వెనక్కి పోవాలి. త్రాడు దూర్చేచోట ఒక స్విచ్చి వుంటుంది, ఒక ప్రక్క నిలువుగీత, రెండో ప్రక్క సున్న. గీత అంటే ఉన్నది, సున్న అంటే లేదు. ఫ్యాక్టరీ నుంచి సున్న వైపు నొక్కి పంపడం సాధారణమే. త్రాడు సగం దూరి ఆగిపోవడం కూడా సాధారణమే, గట్టిగా నొక్కండి.

అక్కడే కొన్ని పెట్టెలకు ఎర్రని జారుడు స్విచ్చి, దానిమీద 115 అనో 230 అనో అంకె వుంటాయి. ఇది మనబోటివారు తప్పక తెలుసుకోవలసినది, ఎందుకంటే హైదరాబాదు నుంచి ఇక్కడికీ, ఇక్కడ నుంచి విజయవాడకూ సామాను మోసేది మనమే. ఇక్కడ గోడలో వచ్చేది 120 వోల్టులు, మన దేశంలో 230. స్విచ్చి 230 దగ్గర వుండగా ఇక్కడ పెడితే యంత్రం లేవదు. మామూలుగా నష్టమూ జరగదు, స్విచ్చి జరిపితే చాలు. అదే 115 దగ్గర వుండగా మన ఊళ్ళో పెట్టారా, "టప్" మని ఒక్క చప్పుడు, కాస్త పొగ, అంతే. అది నిమిషాల పని కూడా కాదు. ఇప్పుడు వచ్చే మంచిరకం పెట్టెలకు ఈ స్విచ్చి వుండదు. చీటీ మీద 100-240 అని వుంటే రెండు దేశాలకూ అదే సర్దుకుంటుంది. త్రాడు దూరే సాకెట్టు ఆకారం ఎక్కడైనా ఒకటే గనక ఆ ఊరి త్రాడు ఒక్కటి కొనుక్కుంటే సరి. కాని చీటీ చదవకుండా సాకెట్టు పట్టింది గదా అని పెట్టేయకండి. కంప్యూటరుకు సరిపోయింది గదా అని పక్కనున్న ప్రింటరుకు కూడా సరిపోతుందనుకోకండి.

ఇక మా కథ. మా యింట్లో ఇద్దరమూ డాక్టర్లమే, ఇద్దరమూ గుంటూరులో చదువుకొన్నవాళ్ళమే. ఒకరికి ఇక్కడ లైసెన్సు వచ్చింది, రెండోవారు మెడికల్ కౌన్సిల్ ఆఫ్ కెనడా వారి పరీక్షకు కూర్చోవాలి. పాత ల్యాప్‌టాపు మూలనపడింది. పరీక్ష ఇంకా పంతొమ్మిది రోజులుంది. అభ్యాస ప్రశ్నలన్నీ కంప్యూటరు మీదే. కొత్తది తెచ్చి బటను నొక్కితే ఫ్యానులు తిరిగాయి, లోపలి రంగుదీపాలు దీపావళిలాగా వెలిగాయి, తెర మాత్రం నల్లగానే వుంది. రాత్రి తొమ్మిది. చలికాలంలో సికిందరాబాదు మనకంటే పదిన్నర గంటలు ముందు గనక అక్కడ తెల్లవారి ఏడున్నర. అక్కడ పార్కులేనులో కంప్యూటర్లు బిగించే పనిలో వున్న తమ్ముడికి ఫోను చేశాము.

"బావగారూ, ముందు ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టండి," అన్నాడు. "అక్కా, నేనడిగేవాటికి జవాబు చెప్పు. అసలు ప్రాణమే లేదా? ప్రాణం వచ్చి పోతోందా? ప్రాణం వుండి మాట్లాడటం లేదా?"

ఇరవై యేళ్ళుగా రోగుల్ని చూస్తున్న ప్రొఫెసరుగారు కూడా ఇంత తేటగా అడగరు! ఈ మూడూ మూడు వేరు జబ్బులు. ఏమీ లేదంటే కరెంటు రావడంలో లోపం. ఒక్క క్షణం తిరిగి ఆగుతుంటే లోపల ఎక్కడో తీగ తగులుతున్నట్టో, ప్రాసెసరుకు కరెంటు అందనట్టో అనుమానించాలి. అన్నీ తిరుగుతూ బొమ్మ రాకపోతే మెమరీ గాని, బొమ్మ గీసే కార్డు గాని, తెరకు పోయే కేబులు గాని.

ఇక్కడ బటను సంగతి కొంచెం చెప్పాలి. 1981లో వచ్చిన ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరుకు ప్రక్కన ఎర్రని పెద్ద స్విచ్చి వుండేది. అది నిజంగా కరెంటును కలిపేది, తెంపేది. 1995లో ఇంటెల్ వారు ఏ.టి.ఎక్స్. అనే కొత్త పద్ధతి తెచ్చిన తరువాత ముందున్న బటను ఒట్టి పిలుపుగంట అయిపోయింది. గంట కొడితే మదర్‌బోర్డు వింటుంది. విని, ఒక ఆకుపచ్చ తీగ ద్వారా కరెంటు పెట్టెను "లే" అని అడుగుతుంది. ఆ వినేపాటి మెలకువ కోసం అయిదు వోల్టుల కరెంటు ఎప్పుడూ బోర్డుకు అందుతూనే వుంటుంది. చాలా బోర్డుల మీద దానికి గుర్తుగా ఒక చిన్నదీపం వెలుగుతుంది కూడా. యంత్రం చచ్చినట్టున్నా ఆ దీపం వెలుగుతుంటే కరెంటు పెట్టె వరకు వస్తున్నట్టే. అప్పుడు బటను నుంచి బోర్డుకు పోయే సన్నతీగ ఊడిందేమో చూడాలి.

మావాడు అడిగిన రెండో ప్రశ్న తెర కేబులు ఎక్కడ పెట్టారని. పెట్టె వెనక ఒకేరకం సాకెట్లు రెండుచోట్ల వుంటాయి, పైన బోర్డువి, కింద గ్రాఫిక్సు కార్డువి. కార్డు వున్న యంత్రంలో కేబులు కార్డుకే పెట్టాలి. ఈ కార్డుల వ్యాపారానికి మనకు ఇరుగుపొరుగు సంబంధం వుంది. 1985లో పుట్టి ప్రపంచమంతా పేరు మోసిన ఏ.టి.ఐ. కంపెనీ మన మార్కమ్‌దే, 2006లో ఏ.యం.డి. వారు కొన్నారు. అంతకు ముందే 1973లో టొరంటోలో ఎం.సి.ఎం.-70 అనే బల్లమీద పట్టే కంప్యూటరును జనానికి చూపించారు, అమెరికావారి పేరుపొందిన యంత్రాలు రాకముందే. దానిలో బ్యాటరీ పెట్టారు, కరెంటు పోయినా పని పోకుండా. మన ఊరి అవసరం తెలిసినవాడెవరో చేసినట్టుంది.

మా కేబులు సరిగానే వుంది. "అయితే బోర్డు మీద నాలుగు చిన్న దీపాలుంటాయి చూడండి బావగారూ, ఏది ఆగకుండా వెలుగుతోంది?" అన్నాడు. పూర్వం కంప్యూటరు లేచేటప్పుడు తన్ను తాను పరీక్షించుకొని "కీ" మని ఒక్క కూత కూసేది. కూతల లెక్కను బట్టి జబ్బు చెప్పేవారు. ఇప్పుడు చాలా బోర్డులకు ఆ పని ఈ దీపాలు చేస్తున్నాయి. ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్సు, డిస్కు, ఒక్కొక్కదానికి ఒకటి. మా దాంట్లో మెమరీ దీపం వెలుగుతోంది. "పది నిమిషాలు ముట్టుకోకుండా వుంచండి," అన్నాడు. డి.డి.ఆర్.5 రకం మెమరీ మొదటిసారి లేచేటప్పుడు తనను తాను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చునట. తొందరపడి ఆపినవారికి అది మళ్ళీ మొదటికి వస్తుంది. పది నిమిషాలూ అయినాయి, ఏమీ రాలేదు.

అప్పుడు తెరవమన్నాడు. త్రాడు పీకి, బటనును అరనిమిషం నొక్కిపట్టాము, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. ఈ దేశపు చలికాలంలో యిళ్ళలో గాలి ఎండిపోయి, కార్పెట్టు మీద నడిచి తలుపు పిడి ముట్టుకొంటే చురుక్కుమంటుంది గదా. మనకు చురుక్కుమన్నదంటే అది మూడువేల వోల్టుల దరిదాపు; మనకు తెలియనంత తక్కువ కూడా చిప్పులకు ప్రాణాంతకమే. కనుక సాక్సుల కాళ్ళతో కార్పెట్టు మీద ఈ పని చెయ్యవద్దు. పెట్టె ఇనుమును ముట్టుకొని మరీ లోపల చెయ్యి పెట్టండి. మెమరీ పట్టీలు రెండింటిలో ఒకటి ఒక కొస పైకి లేచి వుంది, రవాణా కుదుపులకు. తీసి, మళ్ళీ పెట్టి, రెండు కొసలూ "టిక్కు" మనేదాకా నొక్కాము. తెర వెలిగింది. ఆ రాత్రే నలభై ప్రశ్నలు చేశాము.

మరొక్క సంగతి. సున్నకు పదిహేను డిగ్రీల కింద చలిలో కారు డిక్కీలో వున్న కంప్యూటరును వెచ్చని యింట్లోకి తెచ్చి వెంటనే పెట్టకండి. బయట నుంచి రాగానే కళ్ళజోడు మసకబారినట్టే దాని బోర్డు మీదా నీరు పడుతుంది. అట్టపెట్టె విప్పకుండా కొన్ని గంటలు వుంచండి. పిల్లలు ఆగరనుకోండి.

మూడో యింటివారిది నిజమైన జబ్బు. లైటు పెడితే వెలిగింది, స్విచ్చి గీత వైపే వుంది, బోర్డు మీద చిన్నదీపం లేదు, త్రాడు మార్చినా లేదు. అంటే కరెంటు పెట్టె పోయింది. ఆ యింటి కుర్రవాడు ఆ పెట్టెను విప్పబోతే మేమే ఆపాము. త్రాడు పీకిన తరువాత కూడా దాని లోపలి కెపాసిటర్లలో మూడువందల వోల్టులకు పైగా నిలిచివుండవచ్చు. ఎంత చెయ్యి తిరిగినవారైనా యింట్లో విప్పవలసినది కాదు. కంప్యూటరు పెట్టె తెరవడం వేరు, దాని కరెంటు పెట్టె తెరవడం వేరు.

షాపుకు తీసుకొనిపోతే కౌంటరు దగ్గరి కుర్రాడు, "తిరిగి తీసుకొనే గడువు దాటింది, కంపెనీకి రాసుకోండి," అన్నాడు. మనవాళ్ళు ఇక్కడే మొహమాటపడి వెనక్కి వస్తారు. మనసు మారి వెనక్కి యివ్వడానికి గడువు షాపువారి యిష్టం. సరుకే చెడ్డదైతే సంగతి వేరు. వ్యాపారి అమ్మే సరుకు అమ్మకానికి తగిన నాణ్యంతో వుండాలని ఒంటారియో సేల్ ఆఫ్ గూడ్స్ ఆక్టు చెబుతుంది. వారు గొంతు పెంచలేదు. ఏ తేదీన ఏమేమి చూశారో, ఏది వెలిగింది, ఏది వెలగలేదో అంతా ఒక కాగితం మీద రాసి రసీదుతో కలిపి మేనేజరు ముందు పెట్టారు. ఆయన చదివి, లోపలికి పంపి, కరెంటు పెట్టె మార్పించి ఆ సాయంత్రమే యిచ్చారు. డబ్బు తీసుకోలేదు.