కర్ర తగిలితే నాటకం ఆగిపోతాది

దసరా దగ్గరికొస్తానే నా ఫోన్‌కు మెసేజ్‌లు మొదలైతాయి. "అన్నా, ఈసారి దేవరగట్టుకు పోతాండావా?" అని. పోయిన ఏడాది ఆలూరు పక్క ఒక పిల్లోడు మాత్రం ఇంకోటి అడిగినాడు. "అన్నా, బన్ని కథను మేం నాటకంగా ఏద్దామనుకుంటాండాం. మొదలు ఏం నేర్చుకోవాల?" ఫోన్లో నేను చెప్పింది ఆ పిల్లోనికి చాల్లేదు. అందుకే రాస్తాండా. నేను యే కాలేజీలో నాటకం చదివినోన్ని కాదు. వీధి నాటకాలు ఏస్తా, దెబ్బలు తింటా నేర్చుకున్నోన్ని.

ముందు బన్ని అంటే ఏందో చూద్దాం. కన్నడంలో జమ్మిచెట్టును బన్ని అంటారు. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరుల కల్యాణం అయినాక ఉత్సవ విగ్రహాలు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం పాలబాస చేసి దేవుని పక్క నిలబడతారు. మిగతా ఊర్లోల్లు ఆ విగ్రహాల కోసం మీద పడతారు. ఇనుప రింగులు తొడిగిన కర్రలు, దివిటీలు. కథ పాతది: మణి, మల్లాసురుడు అనే రాక్షసులను స్వామి చంపినాడని.

ఇప్పుడు నాటకం భాషలో చూడండి. కథ ఉంది, దాన్ని ఇతివృత్తం అంటారు. దేవుని పక్షం, ఎదురు పక్షం, అంటే పాత్రలు. కొండ కింద బయలు, అదే రంగస్థలం. దివిటీలు లైటింగు. బండారు పూసుకున్న మొగాలు, అది ఆహార్యం, అంటే వేషం, అలంకారం, చేతిలో వస్తువులు అన్నీ కలిపి. చుట్టూ వేల మంది ప్రేక్షకులు. చివర బసవన్న గుడి కాడ భవిష్యవాణి, అదొక ముగింపు సీను. అన్నీ ఉన్నాయి. ఒకటే లేదు. దెబ్బ నిజంగా తగలకూడదు అనే ఒప్పందం లేదు. అందుకే తెల్లారేసరికి తలలు పగిలినోల్లు ఆసుపత్రి కాడ ఉంటారు. కొన్నేండ్లు ప్రాణాలే పోయినాయి.

ఈ ఒప్పందం ఇంగ్లీషోల్లు తెచ్చింది అనుకోకండి. భరతుని నాట్యశాస్త్రంలో మొట్టమొదటి నాటకం కథ ఒకటుంది. ఇంద్రుని ధ్వజం పండగలో ఏసినారంట. కథ ఏందనుకున్నారు? దేవతలు రాక్షసులను ఓడించడం. చూస్తాండిన రాక్షసులకు కోపమొచ్చి నాటకాన్ని ఆపేసినారు. ఇంద్రుడు ఆ జెండా కట్టెనే పట్టుకొని వాళ్లను చితక్కొట్టినాడు. ఆ కట్టెకే జర్జరం అని పేరొచ్చింది. అంటే మన మొదటి నాటకం కర్రల గొడవతోనే ఆగిపోయింది! ఆ తర్వాతే బ్రహ్మ నాటకశాల కట్టించి, రాక్షసులను కూర్చోబెట్టి, ఇది మీకూ దేవతలకూ ఇద్దరికీ చెందింది, లోకంలో జరిగేదాన్ని అనుకరించడమే అని సర్దిచెప్పినాడు. అదే పుస్తకంలో ఇంకో మాటుంది: రంగం మీద ఆయుధం పొడవకూడదు, కోయకూడదు, రక్తం కారకూడదు. ఆయుధాలు తేలికైనవాటితో చేసుకోమని కూడా చెప్పినాడు. పండగ కాడ పిల్లోల్లకు ఇది చెప్తే నవ్వుతారు గాని, శాస్త్రం మాట ఇదే.

నాకు ఇది పుస్తకంతో తెలీలేదు. ఇరవై ఏండ్లప్పుడు మేం ఒక వీధి నాటకం ప్రాక్టీసు చేస్తాంటిమి. దొర మనిషి కూలోన్ని కట్టెతో కొట్టాల. ఆవేశంలో నేనే గట్టిగా ఊపినా. నా స్నేహితుని చేతి వేలు విరిగింది. మూడు నెలలు కూలికి పోలేకపోయినాడు. మేం ఆ నాటకం ఆయప్ప లేకుండానే ఏసినాం. ఇప్పటికీ కలిసినప్పుడు నేను ఆ వేలు కల్లే చూస్తా.

ఆ తర్వాత నేర్చుకున్నది చెప్తా. నాటకంలో దెబ్బ కొట్టేటోని చేతిలో ఉండదు, తినేటోని చేతిలో ఉంటాది. ఇద్దరూ కండ్లు కలిపినాకనే కర్ర లేవాల. తినేటోడు తయారని చూపు ఇస్తేనే కర్ర దిగాల. తల కల్లా ఎప్పుడూ పోకూడదు. మొదటి రోజుల్లో కర్రే వద్దు, ఉత్త చేతుల్తో, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, నీళ్లలో నడిచినంత మెల్లగా. అంకె నోటికొచ్చినాకనే వేగం. నొప్పి చూపేది దెబ్బ కాదు, తిన్నోని ఒళ్లు. ఒళ్లుతో చేసేది ఆంగికం, నోటితో చెప్పేది వాచికం, లోపలి నుంచి వచ్చే వణుకు, కన్నీళ్లు సాత్త్వికం. ఆహార్యం ముందే చెప్పినా. ఈ నాలుగే అభినయం.

ఇంకొన్ని మాటలు గబగబా. కుడి, ఎడమ అంటే నటునివి, చూసేటోనివి కాదు. తెర ఎనకాల తావు నేపథ్యం. కథను మొదలుపెట్టి నడిపేటోడు సూత్రధారుడు. నటుడు మర్చిపోతే పక్కనుంచి మాట అందించేటోడు ప్రాంప్టరు.

మనం నాటకానికి కొత్తోల్లం కాదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లావే. ఆ బళ్లారిలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరస వినోదినీ సభ పెట్టినాడు. కోలాచలం శ్రీనివాసరావుది సుమనోరమ సభ. రెండు సభలకూ పోటీ ఉండేది, కాకపోతే కర్రల్తో కాదు, నాటకాల్తో. ధర్మవరం మేనల్లుడే వకీలు బళ్లారి రాఘవ (1880-1946). ఆడ వేషాలు మగోల్లు కట్టే కాలంలో ఆడోల్లనే స్టేజీ మీదికి రమ్మని పట్టుబట్టినాడు. పద్యాన్ని రాగం తీసి తీసి సాగదీసేదాని కన్నా, మాట్లాడినట్ల నటించడమే ముఖ్యమన్నాడు. మీ బన్ని నాటకంలో చెల్లెండ్లకు వేషాలుండాల. ఎట్లని అడగొద్దు, మాళమ్మ కథలోనే ఉంది.

చివరగా ఆ పిల్లోడు అడిగిన అసలు ప్రశ్న: స్టేజీ కట్టాలనా, బయల్లో ఏయాలనా? బయల్లోనే ఏయండి. కాని ఒక చిక్కు ఉంది. ఎత్తు స్టేజీ మీద చూసేటోల్లు ఒక పక్కే ఉంటారు కాబట్టి, కర్రకూ మనిషికీ మధ్య మూరెడు సందున్నా కనపడదు, పక్కనోడు చప్పట్లు కొడితే దెబ్బ పడినట్లే ఉంటాది. బయల్లో మూడు పక్కలా జనం. పక్కనుంచి చూసేటోల్లకు ఆ సందు తెలిసిపోతాది, నవ్వుతారు. అందుకని మనిషి మీద దెబ్బ పెట్టుకోవద్దు. కర్ర మీద కర్ర కొట్టండి, కోలాటం మాదిరి. లెక్క, అడుగు, చప్పుడు అన్నీ మీ అవ్వలకు వచ్చినవే. రింగులు తీసేసిన వెదురు కర్రలు చాలు. దివిటీ అసలుది వద్దు, పాలిస్టర్ పంచె అంటుకుంటే ఆర్పలేరు. ఎత్తులో రెండు పక్కల రెండు లైట్లు ఏటవాలుగా కట్టండి. రాక్షసుడు వచ్చినప్పుడు మాత్రం ఒక లైటు నేల మీద పెట్టి పైకి తిప్పండి, మొగం దానంతటదే భయంగా కనపడతాది.