మసకబారిన వాహన దీపములు

రాత్రివేళ దారి నడచు వాహనమునకు దీపములే కన్నులు. ఇంజను ఎంత బలమైనదైనను, చక్రము లెంత దృఢమైనవైనను, ముందున్న త్రోవ కానరానిచో ఆ బండి సురక్షితముగ గమ్యము చేరజాలదు. పది పన్నెండు సంవత్సరములు ఎండకును వానకును నిలిచిన కారు నొకదానిని పరిశీలింపుడు. దాని ముందరి దీపముల మూతలు పసుపుపచ్చగనో, పాలపొర కట్టినట్లో కనబడుట కలదు. పలువురు దీనిని చూచి, బల్బు పాతబడిన దని తలంచి క్రొత్తది వేయింతురు. అయినను వెలుతురు పెరుగదు. ఏలయన, దోషము బల్బునందు లేదు. వెలుతురు వెలుపలికి వచ్చు వాకిలియందే యున్నది.

పూర్వము కార్ల దీపములకు గాజు మూత లుండెడివి. మన దేశమున బహుకాలము తిరిగిన అంబాసిడర్ కారు గుండ్రని దీపములు అట్టివే. గాజు ఎండకు మసకబారదు. కాని అది బరువైనది. రాయి తగిలిన పగులును. వంపులు తిరిగిన ఆకృతులుగ దానిని మలచుట కష్టము. 1953వ సంవత్సరమున జర్మనీలో బేయర్ సంస్థయందు హెర్మాన్ ష్నెల్ అను శాస్త్రజ్ఞుడును, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థయందు డేనియల్ ఫాక్స్ అను శాస్త్రజ్ఞుడును, ఒకరి కృషి నొకరు ఎరుగకయే, పాలికార్బొనేట్ అను గట్టి ప్లాస్టిక్కును రూపొందించిరి. ఇది గాజువలె పారదర్శకము. బరువున గాజులో దాదాపు సగము. దెబ్బ తగిలినను సులభముగ పగులదు. 1969లో చంద్రునిపై అడుగిడిన వ్యోమగాముల శిరస్త్రాణములు సైతము దీనితోడనే చేయబడినవి. 1983లో అమెరికా ప్రభుత్వము తన నియమములను సడలించి, బల్బును మాత్రము మార్చుకొనదగిన దీపములకు అనుమతి నొసగెను. తరువాత ప్లాస్టిక్ మూతలు క్రమముగ లోకమంతట వ్యాపించినవి.

ఇన్ని సుగుణములు గల ఈ పదార్థమునకు ఒక బలహీనత కలదు. సూర్యకాంతిలో మన కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు ఉన్నవి. పాలికార్బొనేట్ అణువులు పూలదండలవలె పొడవైన గొలుసులు. ఈ కిరణములు ఆ గొలుసులను అక్కడక్కడ త్రెంచును. తెగిన చోట గాలిలోని ఆమ్లజని చేరి క్రొత్త పదార్థములను కలిగించును. అవి నీలికాంతిని పీల్చుకొనును గనుక మూత పసుపుగ కనబడును. దీనిని నివారించుటకై కర్మాగారమునందే మూతపై పారదర్శకమైన గట్టి పూత నొకదానిని వేయుదురు. ఏండ్లు గడచిన కొలది ఎండ, ఇసుక, దుమ్ము ఆ పూతను అరుగదీయును. పూత పోయిన పిదప ఎండ నేరుగ ప్లాస్టిక్కును తాకి, పై భాగమున సన్నని పగుళ్లను, గుంటలను కలిగించును. అయితే ఈ చెరుపు చాలవరకు పై పొరకే పరిమితమై యుండును. లోపలి పదార్థము స్వచ్ఛముగనే యుండుటచే చికిత్స సాధ్యమగుచున్నది.

ఈ మసకవలన కలుగు హాని రెండు విధములు. మొదటిది, దారిపై పడు కాంతి తగ్గుట. అమెరికా ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో ప్రకటించిన పరీక్షలలో, బాగుగ మసకబారిన దీపములు క్రొత్తవానిలో సుమారు ఐదవ వంతు వెలుతురు మాత్రమే ఇచ్చినవి. రెండవది, బయటికి వచ్చిన కాంతి కూడ చెదరుట. నేలపై పడవలసిన కిరణములు పైకి లేచి, ఎదుట వచ్చువాని కన్నులకు మిరుమిట్లు గొలుపును. అనగా బండి నడపువానికి వెలుతురు చాలదు. ఎదుటివానికి అది బాధాకరమగును.

కాంతి ఏల చెదరునో తెలిసికొనుటకు ఒక చిన్న ప్రయోగము చాలును. నునుపు చేయని గరుకు అద్దము నొకదానిని తీసికొని, గరుకు వైపున నీరు పూయుడు. అంతవరకు తెల్లగ నున్న అద్దము తేటపడును. ఆరిన పిదప మరల తెల్లబడును. గరుకు తలముపై ఒక్కొక్క గుంట కాంతిని ఒక్కొక్క దిక్కునకు వంచును. నీరు ఆ గుంటలను నింపి తలమును సమము చేయును. కాంతిని వంచుటలో నీరు గాలికంటె గాజునకు దగ్గరి బంధువు గనుక గుంటల ప్రభావము తగ్గిపోవును. మసక మూతను బాగుచేయు విధానమంతయు ఈ సూత్రముపైననే ఆధారపడి యున్నది.

మొదట మూతను సబ్బునీటితో కడిగి మన్ను తొలగింతురు. చుట్టునున్న రంగు చెడకుండ మాస్కింగ్ టేపు అంటింతురు. తరువాత రంగులు వేయువారు వాటరు పేపరని పిలుచు గరుకు కాగితమును నీటితో తడిపి రుద్దుదురు. కాగితముపైనున్న సంఖ్య పెరిగిన కొలది దాని రేణువు సన్నబడును. సాధారణముగ 800 సంఖ్యతో మొదలిడి, వరుసగ 1500, 2000, 3000 సంఖ్యలకు పోవుదురు. మొదట కారు నీరు పసుపుగ నుండి క్రమముగ తెల్లబడును. చెడిన పొర తొలగిన దనుటకు అది గుర్తు. ఒక కాగితముతో అడ్డముగ రుద్దినచో తరువాతి దానితో నిలువుగ రుద్దుదురు. అట్లు చేసిన, పాత గీతలు పూర్తిగ పోయినవో లేవో స్పష్టముగ తెలియును. తొందరపడి ఒక మెట్టు దాటినచో ముతక గీతలు చివరివరకు మిగులును. తడిగ నున్నపుడు మూత తేటగ కనబడుట చూచి మోసపోరాదు. ఆరబెట్టి చూచినగాని నిజము తెలియదు. పిదప పాలిషు రాచి మెత్తని గుడ్డతో రుద్దగా మూత మెరయును.

ఇంతటితో పని ముగిసిన దనుకొనుట పెద్ద పొరపాటు. రుద్దుటవలన చెడిన పొరతోపాటు మిగిలిన పాత పూత కూడ పోయినది. ఇప్పు డా ప్లాస్టిక్కు కవచము లేని యోధునివంటిది. అట్లే విడిచినచో కొలది మాసములలోనే మరల మసకబారును. కొందరు పండ్లు తోముకొను పేస్టుతో రుద్ది సంతోషింతురు. అది పైన పటారము, లోన లొటారము అను సామెతవంటి మెరుగే. కావున అతినీలలోహిత కిరణములను అడ్డగించు పారదర్శకమైన పూతను తప్పక వేయవలెను. ఈ పూత మిగిలిన సన్నని గీతలను నీటివలె నింపును. నీటివలె ఆరి పోక నిలుచును. ఇట్టి పూతలలో కొన్ని ఎండలోనే గట్టిపడును. మూతను చెరచిన ఆ సూర్యకిరణములే దాని రక్షణకు తోడ్పడుట విశేషము. పైని చెప్పిన పరీక్షలలో, బాగుచేసిన దీపములు క్రొత్తవానిలో సుమారు 70 శాతము వెలుతురు నిచ్చినవి.

ఈ చికిత్సకు లొంగని దోషములును కలవు. మూత లోపలి వైపున పేరుకొనిన మసకను వెలుపల రుద్ది పోగొట్టలేము. లోతైన పగుళ్లు గల మూతను మార్చవలసినదే. అసిటోన్ వంటి ద్రావకములతో తుడిచిన పాలికార్బొనేట్ బీటలు వారును. వెనుకనుండు ఎఱ్ఱ మూతలు తరచుగ అక్రిలిక్ అను వేఱొక ప్లాస్టిక్కుతో చేయబడును. వానియందు రంగు పదార్థమంతట కలిసి యుండును గనుక, పైన మాసినంత మాత్రమున మెరుగు పెట్టినచో పూర్వపు శోభ వచ్చును. రంగే వెలిసిపోయినచో మూతను మార్చవలెను గాని పైన ఎఱ్ఱరంగు పూయరాదు. పూసినచో వెనుక వచ్చువానికి కనబడవలసిన వెలుతురు తగ్గిపోవును.

కొన్ని గరుకు కాగితములు, కొంచెము పాలిషు, ఒక పూత, ఒక పూట ఓపిక: ఈ పనికి కావలసినవి ఇంతే. ఫలము మాత్రము గొప్పది. దీపము లేని సైకిలుపై ఇల్లు చేరు కూలివాడును, దారి ప్రక్కన నడచు వృద్ధురాలును, చీకటిలో మెల్లగ సాగు ఎడ్లబండియు ముందుగ కనబడవలసినది ఆ వెలుతురునందే. బండి యజమానుడు తన దీపములను శుభ్రముగ నుంచుకొనుట తన కొఱకు మాత్రమే కాదు. దారిని పోవు వారందరి ప్రాణములకు అది రక్ష.