గొంగడి కప్పుకున్న కాపరి



మన పల్లెలలో ఏ విశ్వాసి ఇంటికి వెళ్ళినా గోడమీద ఒక క్యాలెండరు కనబడుతుంది. అందులో ప్రభువు ముఖము ఉంటుంది. తెల్లని మేనిఛాయ, భుజముల మీదికి జారిన గోధుమరంగు జుట్టు, శాంతమైన చూపు. మనలో చాలామందికి ప్రార్థనలో కన్నులు మూసుకోగానే జ్ఞాపకము వచ్చేది ఆ ముఖమే. మాకును అంతే. ఆ అలవాటు వలన మేము ఒకసారి ఒక పసివాని మనస్సు నొప్పించాము. ఆ సంగతి దాచకుండా చెప్పి, దాని వలన మేము నేర్చుకున్న పాఠమును మీతో పంచుకొనవలెనని ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములో వేసవి బైబిలు బడి జరుగుతున్నది. పిల్లలకు మంచి కాపరిని గూర్చి చెప్పి, కాగితములు, రంగు పెన్సిళ్ళు ఇచ్చి బొమ్మ గీయమన్నాము. పదేండ్ల పిల్లవాడొకడు తాను గీసినది తెచ్చి చూపించాడు. అందులో ప్రభువు నల్లగా ఉన్నాడు. తలకు రుమాలు, భుజాన గొంగడి, చేతిలో కర్ర. మేము నవ్వాము. "యేసయ్య ఇట్లా ఉంటాడా? పోయి క్యాలెండరు చూసి గీసుకొని రా" అన్నాము. మమ్మును చూచి తోటి పిల్లలు కూడా నవ్వారు. మరునాడు వాడు రాలేదు. తరువాతి ఆదివారము కూడా రాలేదు.

మూడవ వారము ఆరాధన ముగిసిన తరువాత వాని నాయనమ్మ మా దగ్గరకు వచ్చింది. కొంగు చాటునుండి మడిచిన కాగితమొకటి తీసి మా చేతిలో పెట్టింది.

"అయ్యగారూ, వీని తాత జీవాలు కాసినోడు. వానల తప్పిపోయిన పిల్లను గొంగట్ల చుట్టుకొని తెచ్చెటోడు. వీడు కండ్లార చూసిన కాపరి ఆయన ఒక్కడే. యేసయ్య కాపరి అని మీరే చెప్తిరి. మరి పిలగాడు గీసిన దాంట్ల తప్పేమున్నదయ్యా?"

మాకు జవాబు దొరకలేదు.

మొదటి విశ్వాసులు గీసిన కాపరి

ఆ రాత్రి మేము వేదాంత పాఠశాలలో చదువుకున్న నాటి సంఘ చరిత్ర పుస్తకము తీసి చూచాము. అందులోని ఒక బొమ్మను మేము ఎన్నోసార్లు చూచి పేజీ తిప్పివేసినవారమే. రోము నగరము క్రింద, భూమిలో తొలిచిన సమాధి గుహలు ఉన్నాయి. ప్రిస్కిల్లా పేరుగల గుహల కప్పు మీద సుమారు మూడవ శతాబ్దములో వేసిన మంచి కాపరి చిత్రము ఉన్నది. ఆ కాపరికి గడ్డము లేదు, పొడుగు జుట్టు లేదు. పొట్టి అంగీ తొడుక్కొని, భుజముల మీద ఒక జీవమును మోస్తున్నాడు. అంటే రోమా దేశపు పల్లెలలో జీవాలు కాచుకొనే ఒక యువకుని రూపము. విశ్వాసులు తాము కన్నులార చూచిన కాపరిని బట్టి ప్రభువును గీసుకున్నారు. మా పిల్లవాడు చేసినది కూడా అదే గదా!

ఇక మన క్యాలెండరు సంగతి. ఇటువంటి ముఖములలో ఎక్కువ పేరుపొందినది అమెరికాలోని చికాగో చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ వేసినది. 1924లో బొగ్గుతో గీసిన బొమ్మను ఆధారము చేసుకొని 1940లో ఆయన రంగులలో వేశాడు. కోట్ల ప్రతులుగా అచ్చయి లోకమంతటా వ్యాపించినది. అది భక్తితో వేసిన చిత్రమే, దానిలో తప్పు లేదు. అయితే సువార్తలు వ్రాసిన నలుగురిలో ఒక్కరు కూడా ప్రభువు ముఖము ఎట్లుండెనో వ్రాయలేదు. నూరేండ్లు నిండని చిత్రమును ఆయన అసలు ముఖమని మేము అనుకున్నాము. తప్పు అక్కడ జరిగినది.

ఒకే బల్ల, రెండు దేశములు

అప్పటినుండి చిత్రములను కొంచెము ఆగి చూచుట అలవాటు చేసుకున్నాము. మన ఇండ్లలో కనబడే ప్రభు రాత్రి భోజనము చిత్రమునకు మూలము ఇటలీ దేశములోని మిలాను పట్టణములో ఉన్నది. లియొనార్డో డావిన్సీ దానిని సుమారు 1495 నుండి 1498 వరకు ఒక మఠములోని భోజనశాల గోడమీద వేశాడు. సన్యాసులు భోజనమునకు కూర్చుండగా ఎదుటి గోడమీద ప్రభువు బల్ల కనబడేది. తనను అప్పగించువాడు అక్కడే ఉన్నాడని ప్రభువు చెప్పిన క్షణమును ఆయన వేశాడు. ఈసారి ఆ చిత్రమును చూచునప్పుడు శిష్యుల చేతులను చూడండి. ఒకరి చేయి ఆశ్చర్యముతో లేచినది, ఒకరిది తన రొమ్ము మీదికి పోయినది, యూదా చేయి సంచిని పట్టుకొని ఉన్నది. ఆ కాలపు యూదులు పండుగ భోజనమునకు ఆనుకొని కూర్చుండేవారు. లియొనార్డో మాత్రము తన దేశపు ఎత్తు బల్లను వేశాడు.

జపాను దేశపు క్రైస్తవ చిత్రకారుడు సదావో వతనబె (1913-1996) కూడా అదే భోజనమును వేశాడు. తన దేశములో బట్టల అద్దకమునకు వాడే పద్ధతిలో, కాగితము కత్తిరించి చేసిన అచ్చులతో చేతి కాగితము మీద రంగులు అద్దేవాడు. ఆయన వేసిన బల్లమీద చేప ఉంటుంది. ఆ దేశములో చేప సంతోష దినములలో వడ్డించే భోజనము. బల్ల మారినది, వడ్డన మారినది. పిలిచిన ప్రభువు మాత్రము ఒక్కడే.

కన్నులు, చేతులు

ఇథియోపియా దేశములో నాల్గవ శతాబ్దమునుండి సంఘమున్నది. అక్కడి పాత చిత్రములలో ఒక వాడుక ఉన్నది. నీతిమంతులను ఎదురుగా, రెండు పెద్ద కన్నులు కనబడునట్లు వేస్తారు. దుష్టులను పక్కనుండి, ఒక్క కన్ను మాత్రమే కనబడునట్లు వేస్తారు. ఈ సంగతి తెలియనివారు "వీరికి బొమ్మ గీయుట రాదు" అనుకుంటారు. తెలిసినవారు ఆ చిత్రమును చదువుకుంటారు.

మన దేశములో బెంగాలు చిత్రకారుడు జామినీ రాయ్ (1887-1972) కలకత్తాలో పాశ్చాత్య పద్ధతి నేర్చుకొని, తరువాత దానిని విడిచి పల్లెలలో పటములు వేసే వారి దగ్గర పాఠము నేర్చుకున్నాడు. మన చేర్యాల నకాషీలవలె వారు కూడా పటములమీద కథలు బొమ్మలుగా వేసి చూపేవారు. ఆయన క్రైస్తవుడు కాకపోయినను ప్రభువును అనేక పర్యాయములు చిత్రించాడు. మందమైన గీతలు, వెడల్పయిన కన్నులు. అది బెంగాలు పల్లె చూచిన యేసు.

హాలెండు దేశపు రెంబ్రాంట్ సుమారు 1668లో, తన మరణమునకు కొంచెము ముందు, తప్పిపోయిన కుమారుని చిత్రము వేశాడు. అది ఇప్పుడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నది. ఎత్తు ఎనిమిది అడుగులకు పైమాటే. కుమారుని తల గొరిగి ఉన్నది, ఒక చెప్పు ఊడిపోయినది, అరికాలు అరిగిపోయి ఉన్నది. తండ్రి రెండు చేతులు అతని వీపు మీద ఉన్నాయి. రెంబ్రాంట్ భార్యను పోగొట్టుకున్నాడు, 1656లో దివాలా తీశాడు, 1668లో ఎదిగిన కుమారుని పాతిపెట్టాడు. ఆ చేతులను చూచినప్పుడు మేము చేయవలసిన ప్రసంగము ఆయన ముందే చేసినట్టు తోచినది.

ఫ్రాన్సు దేశములో రైతు బిడ్డ అయిన మిల్లే 1857లో ముగ్గురు స్త్రీలు నడుము వంచి పరిగె ఏరుకొనుట వేశాడు. దూరాన యజమాని కుప్పలు ఎత్తుగా ఉన్నాయి. కూలివారిని అంత పెద్దగా వేసినందుకు కొందరు ధనికులు అప్పట్లో చిరాకుపడ్డారు. కోత ముగిసిన మళ్ళలో నడుము వంచిన మన అక్కచెల్లెండ్రకు ఆ చిత్రమును ఎవరూ వివరించనక్కరలేదు. రూతు చరిత్ర చదువునప్పుడు ఆ చిత్రమును ఒకసారి చూడండి.

ఇది విగ్రహారాధన కాదా?

కొందరు పెద్దలు ఈ ప్రశ్న అడుగుతారు. అడుగుట మంచిదే. బొమ్మకు మ్రొక్కుట రెండవ ఆజ్ఞకు విరోధము, క్యాలెండరు బొమ్మకు మ్రొక్కినా అది తప్పే. అయితే ప్రత్యక్ష గుడారపు పనికి బెసలేలును పిలిచి, చేతిపనియందు జ్ఞానమిచ్చినది దేవుడే. చిత్రము ఒక సాక్ష్యమువంటిది. సాక్ష్యము వింటాము, సాక్షికి మ్రొక్కము.

ఇప్పుడు ఈ చిత్రములన్నీ ఫోనులోనే చూడవచ్చును. కుటుంబ ప్రార్థన తరువాత ఒకటి తీసి పిల్లలను మూడు ప్రశ్నలు అడగండి. దీనిని ఎవరు, ఏ దేశములో వేశారు? ఇందులో చేతులు, కన్నులు ఏమి చెబుతున్నాయి? మన ఊరిలో ఈ కథ జరిగితే మనమెట్లా గీస్తాము? మొదటి చూపులో బాగుందనియో బాగులేదనియో తీర్పు చెప్పకండి.

ఆ పిల్లవాని ఇంటికి మేము వెళ్ళాము. వాని నాయనమ్మ ఎదుట, "తప్పు మాది, మమ్మును క్షమించు నాన్నా" అని అడిగాము. వాడు తలవంచుకొని నిలబడ్డాడు. తరువాతి ఆదివారము బడికి వచ్చాడు. ఇప్పుడు పెద్దవాడయ్యాడు, యౌవనస్థుల కూటములో డప్పు వాయిస్తాడు. కాని మా ఎదుట మాత్రము మరల ఎన్నడూ బొమ్మ గీయలేదు. నాడు వాడు గీసిన కాగితము మా బైబిలులో లూకా సువార్త పదునైదవ అధ్యాయము దగ్గర ఉన్నది. ఆ పేజీ తెరచినప్పుడెల్లా ఆ నల్లని కాపరి మమ్మును చూస్తాడు.

ప్రియులారా, రేపు మీ బిడ్డ ఒక బొమ్మ గీసి తెస్తే నవ్వకండి, దిద్దకండి. దగ్గర కూర్చుండబెట్టుకొని "ఇది ఏమిటో చెప్పు నాన్నా" అని అడగండి. ఆ బిడ్డ చూచిన ప్రభువును మనము ఇంకా చూడలేదేమో! దేవుడు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.