నాన్న సైకిలుకు మోటారు పెడదామనుకుంటున్నారా? ముందు బ్రేకు చూడండి

యూట్యూబ్‌లో 'పాత సైకిలుకు మోటారు' అని కొట్టి చూడండి. వీడియోలన్నీ దాదాపు ఒకేచోట ఆగిపోతాయి. చక్రం గిర్రున తిరుగుతుంది, కుర్రాడు నవ్వుతూ రోడ్డెక్కుతాడు, వెనక మ్యూజిక్ పెరుగుతుంది. అంతే. బ్రేకు వేసి ఆగడం మాత్రం చూపించరు.

మా నాన్న సైకిలుకు మోటారు బిగించి పద్నాలుగు నెలలైంది. మోటారు తిప్పడానికి నాకు పట్టింది ఒక పూట. తిరిగే మోటారును ఆ సైకిలు మీద కదలకుండా నిలబెట్టడానికి, దాన్ని చెప్పినచోట ఆపడానికి మూడు వారాలు పట్టింది. ఈ కథంతా ఆ మూడు వారాలదే.

నాన్న టైలరు. వయసు అరవై ఒకటి. మా ఊరి నుంచి తెనాలిలో షాపుకి తొమ్మిది కిలోమీటర్లు. ముప్పై ఏళ్లుగా అదే సైకిలు: నల్లటి హెర్క్యులిస్, 24 అంగుళాల ఫ్రేము, పెద్ద క్యారేజి, కడ్డీ బ్రేకులు. డెల్టా కదా, దారంతా చదునే. ఒక్క కాలవ వంతెన దగ్గరే ఎత్తు. నిరుడు మోకాళ్లు మొరాయించాక అక్కడ దిగి నడిపించుకుంటూ వెళ్తున్నాడని పక్కింటి అత్తయ్య చెబితే గానీ నాకు తెలీదు. వెళ్లేటప్పుడు ఆటో దొరుకుతుంది. పండగ సీజన్లో రాత్రి తొమ్మిదిన్నరకి షాపు మూశాక దొరకదు. బండి నడపడం రాదు, ఈ వయసులో నేర్చుకోనంటాడు. "షాపు తీసేద్దామనుకుంటున్నా రా" అని ఫోన్లో చాలా మామూలుగా అన్నాడు, కరెంటు పోయింది అన్నంత మామూలుగా. నేను విజయవాడలో పనిచేస్తా, ఆదివారాలే ఇంటికి వస్తా. డిప్లొమా మెకానికల్ చదివా. ఇంక ఆగుతానా?

పెట్రోలా, కరెంటా?

సైకిలుకు ఇంజను పెట్టడం కొత్త ఐడియా ఏం కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇటలీలో డుకాటి (అవును, ఇప్పుడు లక్షల ఖరీదు బైకులు చేసే ఆ డుకాటీయే) కుచ్చోలో అనే బుల్లి ఇంజను అమ్మింది. ఉన్న సైకిలుకే బిగించుకోవడం. ఫ్రాన్సులో 1946లో వెలోసోలెక్స్ వచ్చింది. మనకి 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50. ఆ రెంటికీ పెడళ్లు ఉండేవి, మీ తాతయ్యని అడగండి. అమెరికాలో వెడల్పు టైర్ల పాత క్రూజర్ సైకిళ్లకి ఇప్పటికీ టూ-స్ట్రోక్ కిట్లు బిగిస్తుంటారు. వాటిని '80 సీసీ' అని అమ్ముతారు గానీ బోరు 47, స్ట్రోకు 38 మిల్లీమీటర్లు. లెక్కేసుకోండి, 66 సీసీ వస్తుంది.

మన దగ్గర ఆ కిట్లతో ఇబ్బంది చట్టం. మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాలకంటే తక్కువ ఉన్న బండికి 25 సీసీ దాటిన ఇంజను ఉంటే అది మోటారు వాహనమే. అంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి. ఇంట్లో బిగించిన సైకిలుకి అవెవరిస్తారు? కరెంటు మోటారుకి కేంద్ర నిబంధనల్లో వెసులుబాటు ఉంది. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు, తొక్కడం ఆపితే మోటారు కూడా ఆగాలి, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు దాటకూడదు. అయితే ఇవన్నీ గుర్తింపు ఉన్న పరీక్షా సంస్థ సరిచూసి ఉండాలన్న మాట కూడా అందులోనే ఉంది. కిట్టు అమ్మేవాణ్ణి ఆ కాగితం అడగండి. నాకు మొదట దొరికినాయన "కాగితమెందుకు సార్, వెయ్యి వాట్లది ఇస్తా, అరవైలో పోతుంది" అన్నాడు. అరవై! మా నాన్న! కడ్డీ బ్రేకులతో! నమస్కారం పెట్టి బయటికొచ్చేశా.

సుద్దముక్కతో పరీక్ష

ఏదీ కొనకముందే మా ఊళ్లో సైకిలు షాపు బాబాయి దగ్గరికి తీసుకెళ్లా. ఆయన సైకిలుని పైనుంచి కిందకి ఒకసారి చూసి, "మోటార్ల సంగతి నాకు తెలీదు గానీ అబ్బాయ్, ఈ బ్రేకు మనిషి తొక్కుడికి చేసింది" అన్నాడు. ఆ ఒక్కమాటా పట్టుకుని రోడ్డు మీద సుద్దతో గీత గీసి కొలిచా. మామూలుగా తొక్కే 12 కిలోమీటర్ల వేగంలో గీత దగ్గర బ్రేకు పట్టిస్తే మూడు మీటర్లలో ఆగింది. వంతెన మీంచి దిగి చదునులోకి వచ్చాక 25 వేగంలో పట్టిస్తే పన్నెండు మీటర్లు. రిమ్ముల మీద చెంబుడు నీళ్లు పోసి మళ్లీ చేస్తే ఇరవై దాటేసింది.

కారణం మ్యాజిక్కేం కాదు. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. పైగా ఆ మెరిసే స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు దాని మీద సబ్బులా జారుతుంది. నాన్న ఇంటికొచ్చేది చీకట్లో, వానాకాలం, గేదెలు తిరిగే రోడ్డు మీద. ఇది చూశాక నాకు మోటారు మీద ఆసక్తి సగం తగ్గింది. ముందు చక్రం సంగతి చూద్దాం అనుకున్నా.

అక్కడే పాత సైకిలు తన వయసు చెబుతుంది. హబ్ మోటారు అంటే చక్రం మధ్యలో కూర్చునే మోటారు. దానికి 36 చువ్వల రంధ్రాలుంటాయి. మన పాత సైకిళ్ల ముందు రిమ్ముకి 32, వెనక దానికి 40. అంటే ఉన్న రిమ్ము పనికిరాదు. వెనక ఫోర్కు సందు చాలా ఇరుకు, మోటారు పట్టాలంటే ఫ్రేముని సాగదీయాలి. అందుకని ముందు చక్రానికే ఖాయం చేశాం. 26 అంగుళాల అల్యూమినియం రిమ్ము, 36 రంధ్రాలది, లావు చువ్వలు. అల్యూమినియం రిమ్ము తడిలో కూడా రబ్బరుని బాగానే పట్టుకుంటుంది.

కడ్డీ బ్రేకు రిమ్ముని లోపలివైపు నుంచి, పైకి లాగుతూ పట్టుకుంటుంది. కొత్త రిమ్ముకి అలా పట్టే చోటే లేదు. కాబట్టి ముందు ఫోర్కు కూడా మార్చాం. వి-బ్రేకు బిగించే బుడిపెలున్న స్టీలు ఫోర్కు, పాత మెడలోకి దూరేది, తెనాలిలో మూడు షాపులు తిరిగితే దొరికింది. స్టీలే ఎందుకంటే, మోటారు ఇరుసు మెలిపెట్టే బలానికి అల్యూమినియం ఫోర్కు కొస పగిలే ప్రమాదం ఎక్కువ. చక్రం చిన్నదవడంతో సైకిలు ముందుభాగం రెండంగుళాలు కిందికి దిగింది. నాన్న చుట్టూ తిరిగి చూసి, "పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు తలొంచుకుందేంటి రా" అన్నాడు. పెడలు కూడా కాస్త కిందికొచ్చింది, మలుపుల్లో తొక్కకూడదని చెప్పా.

వెనక కడ్డీ బ్రేకు అలాగే ఉంచి కొత్త రబ్బర్లు వేశాం. రెండు బ్రేకు పిడులకీ మోటారు కరెంటు ఆపేసే స్విచ్చు పెట్టా. ముందుది లివరులోనే వస్తుంది. వెనక కడ్డీకి చిన్న అయస్కాంతం సెన్సారు అతికించా. ఏ బ్రేకు ముట్టుకున్నా మోటారు చచ్చిపోవాలి. ఈ రెండు తీగలు పెట్టకుండా వదిలేసిన సైకిళ్లు నేను రోడ్డు మీద చాలా చూశా. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

మోటారు చక్రాన్ని ముందుకి తిప్పుతుంటే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. మామూలు సైకిలు ఇరుసుకి ఆ బాధ లేదు. నట్టు ఒక్కటే దాన్ని ఆపలేదు. ఇరుసు గాడిలోంచి బయటికొచ్చిందంటే తీగలు తెగి, ముందు చక్రం ఊడి, మనిషి బోర్లా పడతాడు. దానికే టార్క్ ఆర్మ్ అని ఒక దళసరి స్టీలు పట్టీ ఉంటుంది. ఒక కొస ఇరుసు చదును మీద, రెండో కొస ఫోర్కు కాలికి. కిట్టులో ఒకటే ఇచ్చారు, పల్చటిది. లేతు షాపులో ఆరు మిల్లీమీటర్ల రేకుతో రెండు కోయించి, రెండువైపులా వేశా. ఫోర్కు గాడి ఇరుసుకి కాస్త బిగుతైతే బాబాయే ఆకురాయి పెట్టి అరగంట రాశాడు. గీసిన ప్రతిసారీ ఇరుసు పెట్టి చూసుకున్నాడు, వదులు రాకూడదని.

అదే సుద్దగీత దగ్గర, అదే 25 వేగంలో, ఈసారి ఆరు మీటర్లు. తడిలో ఎనిమిది. అప్పుడు నాన్నకిచ్చా.

బట్టల షాపులో బ్యాటరీ

బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే 360 వాట్ అవర్లు. నాన్న తొక్కుతూనే ఉంటాడు కాబట్టి కిలోమీటరుకి 11 దాకా ఖర్చవుతుంది. రోజుకి పద్దెనిమిది కిలోమీటర్లకి రెండొందలు. అంటే యూనిట్‌లో ఐదో వంతు కరెంటు. ఖర్చు గురించి ఎవరైనా అడిగితే ఇది చెబితే చాలు, నోరెళ్లబెడతారు. బ్యాటరీ ధర మాత్రం ఆ నోరు మూయిస్తుంది. మొత్తం 26 వేలలో సగం దానికే పోయింది. పాత ల్యాప్‌టాప్ సెల్లులు ఏరి అతికించినవి సగం ధరకే దొరుకుతాయి. నేను తీసుకోలేదు, మీరూ తీసుకోకండి. లోపల సెల్లులు సమానంగా లేకపోతే ఒకటి ముందే నిండి వేడెక్కుతుంది.

నాన్న మొదటి ఆలోచన, షాపులో మిషను కింద ఛార్జింగ్ పెట్టుకుంటానని. చుట్టూ జాకెట్టు ముక్కలు, లైనింగ్ గుడ్డల మూటలు! లిథియం బ్యాటరీ అంటుకుంటే చెంబుడు నీళ్లతో ఆరదు. కాబట్టి ఇంట్లోనే, సిమెంటు గచ్చు మీద, అందరూ మెలకువగా ఉన్నప్పుడే. రాగానే కాదు, ఒక గంట చల్లారాక. ఎండాకాలం బ్యాటరీ విప్పి షాపు లోపల నీడలో పెడతాడు, సైకిలు మాత్రం బయట. కస్టమర్లు అది టిఫిన్ క్యారేజీ అనుకుంటున్నారట.

ఇక ఆదివారాలు

మెయింటెనెన్స్ అంటే నూనె వేయడం అనుకుంటే పొరపాటు. మొదటి వందో కిలోమీటరు లోపలే ముందు చక్రంలో నాలుగు చువ్వలు వదులయ్యాయి. మామూలు ముందు చక్రంలో చువ్వలు బరువు మాత్రమే మోస్తాయి, ఇందులో మోటారు లాగుడు కూడా వాటి మీదే. చువ్వని గోటితో మీటితే బిగువుగా ఉన్నది 'టింగ్' అంటుంది, వదులైంది 'టప్' అంటుంది. నాన్నకి ఇది తెగ నచ్చింది. మిషను దారం బిగువు చూసుకునే చెయ్యి కదా, నాకంటే బాగా పట్టేస్తాడు. ఆదివారం నేను వచ్చేసరికి వదులైన చువ్వలకి రంగు దారం కట్టి ఉంచుతాడు. బాబాయి బెండు తీసి బిగిస్తాడు. ఆరో నెల తర్వాత దారాలు కనబడటం బాగా తగ్గింది.

నెలకోసారి ఇరుసు నట్లు పద్దెనిమిదో నంబరు పానాతో చూస్తా. నట్టు మీదా, ఫోర్కు మీదా కలిపి ఒకే తెల్లరంగు గీత గీసి ఉంచా. గీత విరిగి కనిపిస్తే నట్టు కదిలినట్టే. ఇది నేను లేనప్పుడు నాన్న కూడా చూడగలడు. తీగని మోటారులోకి పోయేముందు కిందికి ఒక వంపు తిప్పి కట్టాలి, అప్పుడు వాన చినుకులు ఆ వంపు దగ్గరే జారిపడతాయి. పైపుతో నీళ్లు కొట్టి కడగడం బంద్, తడిగుడ్డ చాలు.

పంచరు పడితే ఎలా అని అమ్మ భయం. వైర్లు చూసి తెనాలిలో ఒక షాపతను నిజంగానే ముట్టుకోనన్నాడు. కానీ మనవాళ్లు చక్రం ఊడదీయకుండానే ట్యూబు బయటికి లాగి అతుకేస్తారు కదా, మోటారున్నా అదే పద్ధతి. ట్యూబు మార్చాలంటేనే చక్రం విప్పాలి. దానికి వాషర్లు ఏ వరసలో ఉండాలో ఫొటో తీసి నాన్న ఫోన్లో పెట్టా.

ఆగస్టులో ఒక సాయంత్రం సన్నటి వానలో, గట్టు మీంచి గేదె ఒకటి ఉన్నట్టుండి రోడ్డుకి అడ్డం వచ్చిందట. నాన్న ఆ సంగతి వారం తర్వాత, అదీ గుండీలు కుడుతూ చెప్పాడు. "ఆగింది రా" అన్నాడు. ఎంత దూరంలో అని అడిగా. "నేనేమన్నా సుద్దముక్క పట్టుకెళ్లానా?" అన్నాడు.

షాపు తీసేసే మాట మళ్లీ ఎత్తలేదు. దసరాకి రాత్రి పదింటి దాకా ఉన్నాడు. వంతెన మీద ఇప్పుడూ తొక్కుతాడు, మోకాలి నొప్పి మాత్రం అడుగు వేసినప్పుడే గానీ పెడలు మీద రావట్లేదంటాడు. ప్రస్తుతం మా ఇద్దరి మధ్య గొడవల్లా వెనక చక్రం గురించే. ఆ స్టీలు రిమ్ము కూడా మార్చేద్దామని నేను, మంచి రిమ్ము ఎందుకు పారేయడమని ఆయన. 40 రంధ్రాల అల్యూమినియం రిమ్ము కోసం బాబాయి విజయవాడలో తెలిసినవాళ్లకి చెప్పి ఉంచాడు. ఈలోగా వెనక బ్రేకు రబ్బర్లు ఇంకో జత కొని క్యారేజీ కింద డబ్బాలో పడేశా.