రివాల్వర్ తూటాకు రైఫిలు: చంద్రపూర్‌లో ఎందుకు దొరకదు?

నడుముకు రివాల్వర్, భుజాన రైఫిలు, రెండింటికీ ఒకటే తూటా. ఈ ఏర్పాటులో ఆకర్షణ ఉందని ఒప్పుకోవాలి. రెండు రకాల తూటాలు వెంట మోయక్కర్లేదు, చీకట్లో ఏది దేనిదో తడుముకోనక్కర్లేదు. పైగా ఆ రైఫిలు పంప్ యాక్షన్‌ది అయితే గొట్టం కింది చెక్క పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే చాలు. పేలిన తూటా తొడుగు ఎగిరి బయటపడుతుంది, కొత్తది లోపల కూర్చుంటుంది. గురి మీంచి కన్ను కదలదు. కౌబాయ్ సినిమాలు చూసి పెరిగిన తరం మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లోనూ ఉంది, 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఉన్న రాజురాలోనూ ఉంది. తుపాకి లైసెన్సు చేతికొచ్చిన వాళ్లకు ఇలాంటి కోరిక పుట్టడంలో వింతేమీ లేదు.

దొరుకుతుందా అంటే, దొరకదు. ఎందుకు దొరకదో చూస్తే, దొరికేవాటిలో ఏది తీసుకోవాలో కూడా తేలిపోతుంది.

ముందు ఈ తుపాకి పుట్టిన చోటుకు వెళ్దాం. అమెరికాలో వించెస్టర్ కంపెనీ 1873లో తెచ్చిన రైఫిలుకు పాయింట్ 44-40 అనే తూటా వాడేవారు. 44 బోరు, 40 గ్రెయిన్ల నల్లమందు. అయిదేళ్లకే కోల్ట్ కంపెనీ తన రివాల్వర్‌ను అదే తూటాకు తయారు చేయడంతో ఒక తూటా, రెండు తుపాకుల పద్ధతి స్థిరపడింది. కోల్ట్‌కు అక్కడితో ఆశ తీరలేదు. 1883లో వించెస్టర్ తరహాలోనే మీట లాగే రైఫిలు ఒకటి దింపింది. దానికి జవాబుగా వించెస్టర్ వాళ్లు తాము తయారు చేసిన రివాల్వర్ నమూనాలు పట్టుకెళ్లి కోల్ట్ వాళ్లకు చూపించారనీ, మీ జోలికి మేం రాం, మా జోలికి మీరు రావద్దని రాజీ కుదిరిందనీ ఒక కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, కోల్ట్ ఆ మీట రైఫిలును త్వరలోనే ఆపేసింది. 1884 నుంచి 1904 దాకా విలియం ఎలియట్ రూపకల్పన చేసిన ‘లైట్నింగ్’ అనే పంప్ రైఫిలును అమ్మింది. మధ్య సైజు లైట్నింగ్ పాయింట్ 32-20, 38-40, 44-40 తూటాలకు దొరికేది. శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసులు కూడా కొన్నారు.

పేరుకు తగ్గట్టే అది మెరుపు. ట్రిగ్గర్ నొక్కిపట్టి పిడి ఆడిస్తూ పోతే, పిడి ముందుకొచ్చిన ప్రతిసారీ పేలుతుంది. సంతలో చూపించడానికి బాగుంటుంది గానీ పొలం గట్టు మీద కాలు జారినవాడి చేతిలో ఉండాల్సిన గుణం కాదిది. ఆ తర్వాత రెమింగ్టన్ కూడా ఇలాంటి పంప్ రైఫిలు తెచ్చింది. 1980ల చివర్లో ఇజ్రాయెల్‌లో తయారైన ‘టింబర్ వుల్ఫ్’ పాయింట్ 357 మాగ్నమ్‌కు వచ్చింది. ఇప్పుడు ఇటలీ కంపెనీలు లైట్నింగ్ నకళ్లు చేస్తున్నాయి. వాటిని ఎక్కువగా కొనేది అమెరికాలో కౌబాయ్ వేషాలు కట్టుకుని పోటీల్లో కాల్చే సరదా మనుషులు.

అక్కడ కొనేవాడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ రైఫిళ్లలో తూటాలు గొట్టం కింది ఇంకో సన్నటి గొట్టంలో, అంటే మ్యాగజైన్‌లో, ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా అడుగుకు ఆనుకుని ఉంటుంది. ఆ అడుగు మధ్యలోనే దెబ్బ తగిలితే అంటుకునే ప్రైమర్ ఉంటుంది. ముక్కు కోసుగా ఉంటే, తుపాకి పేలిన కుదుపుకు అది ప్రైమర్‌ను పొడిచి మ్యాగజైన్‌లోనే పేలే ప్రమాదం ఉంది. అందుకే వీటిలో బల్లపరుపు ముక్కు తూటాలే వాడాలి. తూటా పొడవు కూడా ముఖ్యం. రివాల్వర్ గదిలో కాస్త పొట్టి తూటా అయినా ఒద్దికగా కూర్చుంటుంది. పంప్ రైఫిలులో తూటాను పైకెత్తే భాగం ఒక నిర్దిష్ట పొడవుకు అమర్చి ఉంటుంది కాబట్టి పొట్టి తూటా పడితే మధ్యలో ఇరుక్కుపోతుంది.

ఇన్ని జాగ్రత్తలు పడి ఆ రైఫిలు ఎందుకంటే, గొట్టం పొడవు వల్ల. రివాల్వర్‌లో తూటా గదికీ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. కొంత వాయువు అందులోంచి పక్కకు పోతుంది. గొట్టం కూడా పొట్టిది. అదే 357 మాగ్నమ్ గుండు నాలుగంగుళాల రివాల్వర్ నుంచి సెకనుకు దాదాపు 380 మీటర్ల వేగంతో వస్తే, 18 అంగుళాల రైఫిలు నుంచి 540 మీటర్ల దాకా అందుకుంటుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనక దెబ్బ దాదాపు రెట్టింపు. ఇది మామూలు లాభం కాదు.

ఇక మన చట్టం. మన దగ్గర తుపాకి రకం ఎంత చూస్తారో, అది ఏ తూటా పడుతుందో కూడా అంతే గట్టిగా చూస్తారు. ఇది బ్రిటిష్ వాళ్ల భయం నుంచి వచ్చిన అలవాటు. సైన్యం తూటాలు దొంగిలిస్తే వాటిని పేల్చే తుపాకి జనం దగ్గర ఉండకూడదన్నది వాళ్ల లెక్క. అందుకే సైన్యపు 303 రైఫిలు సామాన్యుడికి నిషిద్ధమైంది. ఆ లోటు పూడ్చడానికే బీఎస్ఏ కంపెనీ 315 రైఫిలును ఇక్కడి మార్కెట్‌కు తెచ్చింది. ఈనాటికీ మన దుకాణాల్లో మామూలు రైఫిలు అంటే 315యే. 1959 ఆయుధ చట్టం కింద వచ్చిన నియమాల్లోనూ అదే పద్ధతి. 303, 7.62 ఎంఎం తూటాలు పట్టే రైఫిళ్లు నిషిద్ధ బోరు. పోలీసు మస్కెట్ తూటా కాబట్టి 410 మస్కెట్ కూడా అంతే. పాత సర్వీసు రివాల్వర్ల 380, 455 తూటాలు గానీ, సర్వీసు 9 ఎంఎం తూటా గానీ పట్టి పేల్చగల పిస్తోలు, రివాల్వర్, కార్బైన్ ఏదైనా నిషిద్ధమే. ఆ వరసలో కార్బైన్ కూడా ఉందని గమనించండి. రివాల్వర్ తూటాతో పేలే పొడవు తుపాకి గురించి మన నియమాలు ముందే ఆలోచించాయన్నమాట.

357 మాగ్నమ్, 44-40 ఆ జాబితాలో పేరుతో లేవు. అయినా లాభం లేదు, ఎందుకంటే 1980ల మధ్య నుంచి సామాన్యుడికి తుపాకుల దిగుమతి మూసుకుపోయింది. పేరున్న క్రీడా షూటర్లకే ఆ దారి మిగిలింది. మన ఫ్యాక్టరీలేమో ఇలాంటి రైఫిలు చేయవు. జిల్లాలోనే భద్రావతి దగ్గర ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ ఉంది కదా అనొచ్చు. అక్కడ నింపేది పెద్ద ఫిరంగి గుండ్లు. చిన్న తుపాకుల తూటాలకు మహారాష్ట్రలో ఖడ్కీ, వరణ్‌గావ్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. దుకాణాల్లో కనిపించే ‘శక్తిమాన్’ 12 బోరు తూటా ఖడ్కీదే.

పోనీ, మన కాన్పూర్ రివాల్వర్లు వాడే 32 తూటాకే ఎవరైనా రైఫిలు చేస్తే? 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన ‘నిర్భీక్’ కూడా ఈ బోరుదే. కానీ 32 తూటాలో మందు చిటికెడు. గుండు వేగం సెకనుకు 215 మీటర్ల చుట్టుపక్కల, శక్తి 150 జౌళ్లకు అటూ ఇటూ. ఆ కాస్త మందు పొట్టి గొట్టంలోనే కాలిపోతుంది కాబట్టి పొడవు గొట్టం తగిలించినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. మదించిన అడవి పందిని దీంతో కొడితే గాయపడుతుంది, తిరగబడుతుంది. 315 రైఫిలు తూటా శక్తి దీనికి పది రెట్లకు పైమాటే.

అయితే 315 కొనమని కూడా నేను చెప్పను. చంద్రపూర్ చుట్టుపక్కల వరి, పత్తి పొలాలు చదునుగా ఉంటాయి. గురి తప్పిన రైఫిలు గుండు కిలోమీటర్ల దూరం పోతుంది. అవతలి చేలో ఎవరు కాపలా ఉన్నారో, ఎవరు పత్తి తీస్తున్నారో మనకు కనపడదు. 12 బోరు రవ్వలు కొన్ని వందల మీటర్లలోనే నేలకు దిగిపోతాయి. చట్టం మొగ్గు కూడా అటే. ఆత్మరక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టం తుపాకి, పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే భర్మార్ తుపాకి అడిగితే, వేరే అభ్యంతరాలు లేనప్పుడు లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్ చెబుతుంది. రైఫిలు, రివాల్వర్ అయితే తగిన కారణం ఉందని అధికారిని ఒప్పించాలి.

పంప్ మీద మోజు ఇంకా తీరకపోతే తిరుచ్చి ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ 12 బోరులో పంప్ యాక్షన్ తుపాకి చేసింది. మనం అనుకున్నదానికి దగ్గరి బంధువు అదే. నా మాట అడిగితే పల్లెటూరి ఇంటికి డబుల్ బ్యారెల్ మేలంటాను. మడత విప్పగానే రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయో లేదో ఇంట్లో ఎవరైనా చూసి చెప్పగలరు. పంప్ తుపాకిలో గది ఖాళీగా కనిపించినా కింది మ్యాగజైన్‌లో తూటా దాగి ఉండొచ్చు. ఇంట్లో పిల్లలుంటే ఈ తేడా చిన్నది కాదు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఒకటి సరదాకు కొనేస్తే మిగిలేది ఒక్క అవకాశమే.

తుపాకి లైసెన్సు వేట లైసెన్సు కాదని కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పంట పాడుచేసే పందినైనా అటవీ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా కొట్టకూడదు. 2016లో అనుమతితోనే చంద్రపూర్‌లో 53 పందులను కాల్చారు. దాని మీద అప్పటి కేంద్రమంత్రి మేనకా గాంధీ సొంత ప్రభుత్వంలోని సహచర మంత్రినే తప్పుబట్టారు. అనుమతి కాగితం లేకుండా తాడోబా పులుల అడవి అంచున ట్రిగ్గర్ నొక్కినవాడిని వెనకేసుకొచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.

కాబట్టి కొనేముందు లైసెన్సులో బోరు ఏమని రాసి ఉందో చదవండి. తుపాకి గొట్టం మీద కొట్టిన ముద్రతో సరిపోల్చండి. రెండూ కలవకపోతే, ‘ఈ తూటా కూడా దీంట్లో పడుతుందిలే’ అని అమ్మేవాడు ఎంత నమ్మకంగా చెప్పినా డబ్బు కట్టకండి. నిషిద్ధ బోరుతో పట్టుబడితే శిక్ష ఏడేళ్ల నుంచి మొదలవుతుంది.